నాలుగు నిమిషాల పది సెకన్లు

కెఫేలో మళ్ళీ అదే తగువు.
ఫిర్మిన్ బల్ల గుద్ది చెబుతాడు:
రేసులంటే మా రోజులవే.
ఇంజన్ మోతకి పక్క లోయలో పాల క్యాన్లు కూడా వణికేవి.
ఇప్పటివి కార్లా? కాఫీ మరలు.
టైరు అరుగుతుందని భయం, పెట్రోలు తరుగుతుందని భయం,
ముందువాణ్ణి దాటడానికి కూడా రూలు పుస్తకం తిరగెయ్యాలి.

మనవడు మాక్సాన్స్ ఒప్పుకోడు.
అందరూ ఒక్క సెకను తేడాలో ఉన్నారు చూడు తాతా,
మీ కాలంలో మొదటివాడికీ రెండోవాడికీ మధ్య
భోజనం చేసి, చెయ్యి కడుక్కుని రావచ్చట కదా!

నన్నెవరూ అడగరు.
నేను సూపులో ఉప్పు సరిపోయిందో లేదో చూసుకుంటూ ఉంటాను.

అడిగితే చెబుదును.
చుట్టు పద్నాలుగు కిలోమీటర్లు అప్పట్లో.
పిట్ దగ్గర కనబడి, వంతెన దాటి,
ఊళ్ళ మధ్య నుంచి, రొట్టెల కొట్టు గోడ రాసుకుంటూ
ఆర్డెన్ అడవిలోకి దూరేది కారు.
నేను పిట్ గోడ మీద కూర్చునేదాన్ని,
ఒళ్ళో గళ్ళ కాగితం, మెడలో రెండు స్టాప్‌వాచీలు.
కారుకో వరస, చుట్టుకో గడి.
దాటగానే టైము రాయాలి. అంతే పని.
జీతం లేదు. మధ్యాహ్నం ఒక శాండ్‌విచ్.

నాలుగు నిమిషాల పది సెకన్లు.
అంతసేపూ అడవి దాన్ని నోట్లో పెట్టుకునేది.
లోయ ఇటు తిరిగినచోట ఒక తుమ్మెద రొద,
అటు తిరిగితే అదీ లేదు.
మా దగ్గర ఎండ. అక్కడ వానో ఏమో.
నాలుగూ పది.
పెన్సిల్ గడి మీద నిలబడి ఉండేది.
నాలుగూ ఇరవై.
పక్క జట్టు లెక్కలు రాసే పిల్ల
నా మొహం చూడకుండా నా మణికట్టు పట్టుకునేది.
నాలుగూ నలభై.

ఎన్నిసార్లు వట్టి పంక్చరే!
ఎన్నిసార్లు హెల్మెట్ చంకన పెట్టుకుని
బార్లీ చేనుకి అడ్డంపడి, సిగరెట్ అడుక్కుంటూ నడిచొచ్చారు!
నోటికొచ్చినట్టు తిట్టి, గడిలో అడ్డగీత కొట్టేదాన్ని.

ఒక్కసారి కొట్టలేదు.
పదకొండో నంబరు. పేరు చెప్పను.
ఆ పొద్దున చక్రాలు బిగించింది ఫిర్మినే.
తప్పు చక్రాలది కాదని తర్వాత తేల్చారు,
కాగితం మీద సంతకాలు కూడా పెట్టారు.
అయినా మా పెళ్ళైన యాభై ఎనిమిదేళ్ళలో
సీసా మూతైనా ఒకసారి బిగించి ఊరుకోడు,
మళ్ళీ బిగిస్తాడు.
బల్ల అంత గట్టిగా గుద్దేది ఎందుకో నాకు తెలుసు.

మొన్న ఆదివారం మాక్సాన్స్ నన్ను టీవీ ముందు కూర్చోబెట్టాడు.
పటం మీద రంగు చుక్కలు,
ఎవరు ఏ మలుపులో ఉన్నారో, ఏ బ్రేకు ఎంత వేడెక్కిందో,
అన్నీ కనిపిస్తున్నాయి. అడవికి నోరు లేదు.
ఇంతలో ఒకటి గోడకి కొట్టుకుంది.
చక్రం ఒకవైపు, ముక్కు ఒకవైపు.
నా చెయ్యి దానంతటదే మణికట్టు కోసం వెతికింది.
రేడియోలో గొంతు: బాగానే ఉన్నాను. సారీ, కారు పాడు చేశాను.
సారీ అట!
మాక్సాన్స్ అప్పటికే చిప్స్ కోసం వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

ఏ కాలం గొప్పదో నాకు తేల్చడం రాదు.
ఆ మోత నాకూ ఇష్టమే, దాచను.
పళ్ళ చిగుళ్ళ దాకా మోగేది,
రాత్రి దిండు మీద తల పెట్టినా ఆగేది కాదు.
ఈ కార్లతో నాకలా ఏమీ అవదు.
ముప్పయ్యో చుట్టులో కునుకు పట్టేసింది.
నోరు తెరిచి గురక కూడా పెట్టానట.

పిట్ గోడ మీద మాలో ఒక్కతి
ఒక్క చుట్టు కూడా రెప్ప వాల్చి ఎరగదు.

లేచేసరికి రేసు అయిపోయింది.
చుక్కలన్నీ ఇంటికి చేరాయి.
చేరని ఒక్కటీ క్రేనుకి వేలాడుతోంది.
దాన్ని నడిపిన కుర్రాడు
గోడకి ఆనుకుని
అరటిపండు తింటున్నాడు.